నాంచారమ్మ ముస్తాబు

బొమ్మలన్నీ యంత్రాలే గీసిపెడుతున్న ఆ రోజుల్లో, ఫొటోల కంపెనీకి అమ్ముకోవడానికి మిగిలింది నిజమొక్కటే. అందుకే ప్రతి ఫొటో కిందా, ‘ఇలా ఉండమని నేనెవరికీ చెప్పలేదు’ అని తీసినవాడు సంతకం పెట్టాలి.

మంగళగిరిలో చీరలు నేసే నాంచారమ్మను ఫొటో తీయడానికి మస్తాన్‌వలి వెళ్లాడు. ఆమె అతన్ని కూర్చోమని లోపలికి వెళ్లి, పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు తురుముకుని వచ్చి మగ్గం ముందు కూర్చుంది.

మస్తాన్ తల పట్టుకున్నాడు. ఇది పంపితే యంత్రం గీసిన బొమ్మ అనుకుని కంపెనీ తిప్పి పంపుతుంది. ఇంకొక్కటి తిరిగొస్తే అతని పని ఊడుతుంది.

“అమ్మా, రోజూ కట్టుకునే చీర కట్టుకుని రా. చూస్తే నిజమనిపించాలి.”

“ఫొటో దిగాలంటే మేం నిజంగా చేసేది ఇదేనయ్యా. పాతది కట్టుకోమని చెప్పేది నువ్వే గదా!”

మస్తాన్ కెమెరా ఎత్తాడు. నాంచారమ్మ ఊపిరి బిగబట్టి, కొయ్యబొమ్మలా కెమెరాకేసి చూసింది.

సాయంత్రానికి ఫొటో తిరిగొచ్చింది. ‘నమ్మేలా లేదు’ అని రాశారు.

ఆ ఏడాదంతా మస్తాన్ అబద్ధమాడకుండా సంతకం పెట్టిన ఫొటో అదొక్కటే.