నాలుగో చరణం

"గిటారు కింద పెట్టప్పా, శేషన్నా," అంది మద్దమ్మ.

శేషన్న పెట్టలేదు. వాకిట్లో బల్ల మీద శవపెట్టె ఉంది. అందులో అతని భార్య ఉచ్చీరమ్మ తెల్లచీరలో పడుకొని ఉంది. చుట్టూ ఎమ్మిగనూరు చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లకు పెద్ద ఈ మద్దమ్మే. సమాధుల తోటకు బయలుదేరేముందు ఉచ్చీరమ్మ కట్టిన పాట పాడాలని అందరూ అనుకున్నారు. గిటారుతోనా, గిటారు లేకుండానా అన్న దగ్గరే పేచీ వచ్చింది.

"నా పెండ్లానికి నేను వాయించకుండా ఎట్ల సాగనంపేది, పెద్దమ్మా? ఆదోని నుంచి గుంతకల్లు దాకా నా వాయింపు ఇనేకి జనం వస్తారు. దానికి మాత్రం వద్దా?"

"వస్తారు నాయనా, ఎవురు కాదన్నారు? నీ వేళ్లు మగ్గంలో నాడె మాదిరి ఉరుకుతాయి. అయితే నీ గిటారు అలిగిన అల్లుడప్పా. ఒకసారి కూకుంటే ఎవురు బతిమాలినా లెయ్యదు. ఆ పిల్ల పాటను ఏ పొద్దన్నా కొసదాకా పోనిచ్చినావా?"

ఏడుస్తున్న వాళ్లలో ఒకరిద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ ఏడుపే వచ్చింది వాళ్లకు.

మద్దమ్మ అన్నది అబద్ధం కాదు. ఉచ్చీరమ్మ పాటకు నాలుగు చరణాలు. మూడోది కాగానే శేషన్న గిటారు అందుకునేవాడు. ఇక అతని వేళ్లకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. చప్పట్లు మోగేవి. అవి ఆగేసరికి చర్చి అయ్యగారు ప్రార్థనకు లేచేవారు. నాలుగో చరణం ఆమె గొంతులోనే ఉండిపోయేది.

"నాలుగోదాంట్లో ఏముంటాది పెద్దమ్మా? కట్టినోళ్ల పేరే గదా!" అన్నాడు శేషన్న. ఆ ప్రాంతంలో భజన పాటైనా చర్చి పాటైనా అంతే, కట్టినవాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు చెప్పుకుంటారు. "దేవుని సన్నిధిలో మన పేర్లెందుకులే అని..."

"దానికీ అదే సెప్పినావంట గదా, ఆదోని కూడికల్లో."

శేషన్న తల వంచుకున్నాడు. పోయిన నెల మాట అది. ఒంట్లో జ్వరం పెట్టుకొని పందిరి వెనకాల ఆమె అడిగింది, ఈ ఒక్కసారి కొసదాకా పాడనియ్యమని. తీగెలు బిగించుకుంటూ అతను, "నీ పేరు పదిమంది ఇనాలని అంత ఆశనా నీకు?" అన్నాడు. "పదిమంది ఎందుకు, నువ్వు ఇంటే సాలు," అంది ఆమె. ఆ రోజూ చప్పట్లు బాగానే పడ్డాయి.

దేవుని సన్నిధిలో పేరు కూడదన్నవాడికి, అదే సన్నిధిలో చప్పట్లు ఎలా కూడాయి? అడగవలసిన మనిషి ఆనాడు అడగలేదు. ఇప్పుడు పెట్టెలో ఉంది.

"మీకందరికీ వచ్చునా ఆ చరణం?" అని నెమ్మదిగా అడిగాడు.

"చేన్లో కలుపు తీస్తా రోజూ నాలుగూ పాడుకుంటాము. ఈ వాడలో అది రానోనివి నువ్వొక్కనివే."

"నాకొక మాట సెప్పకపోతిరా మరి!"

"నోటిమాటగా సెప్పొద్దనింది. పాటలోనే ఇనాలంట నువ్వు."

అయ్యగారు పొద్దు వైపు చూశారు. "కానీండమ్మా, వాలిపోతాంది."

శేషన్న మెడలోంచి గిటారు పట్టీ తీశాడు. గిటారును పెట్టె కాళ్ల దిక్కున, నేల మీద పెట్టాడు. తన కుర్చీ ముందు ఆదోని స్నేహితులు నిలబెట్టిన మైకును తానే ఎత్తుకొచ్చి మద్దమ్మ ముందు పెట్టాడు. వేపచెట్టుకు కట్టిన హారను వైపు చూసి, మైకు సెట్టు భీమన్నను కేకేశాడు.

"సౌండు పెంచు భీమన్నా! దాని పేరు బజారు దాకా ఇనపడాల."

మద్దమ్మ అతని వైపు ఒకసారి చూసి, మైకు దగ్గరికి జరిగింది. గొంతు సవరించుకొని ఎత్తుకుంది.

*బీడైన నేలకు వానవు నీవే, బిడ్డకు తల్లివి నీవే...*

ఆడవాళ్లు అందుకున్నారు. తాళాలు లేవు, డోలక్ లేదు. పాట తన కాళ్ల మీద తాను నడిచింది. ఇంత చిన్న పాటలో ఇంత దుఃఖం ఉందని శేషన్నకు ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ అతను దాన్ని మెట్టుగానే చూశాడు, తాను ఎక్కి నిలబడేందుకు.

మూడో చరణం అయింది. అతని ఎడమచేతి వేళ్లు వాటంతట అవే తొడ మీద కదిలాయి. శేషన్న కుడిచేత్తో వాటిని గట్టిగా పట్టుకున్నాడు. పెట్టె మీదికి వంగాడు.

"సెప్పుకో ఉచ్చీరా," అన్నాడు ఆమె చెవి దగ్గర. "నీ పేరు అందరికీ సెప్పుకో. నేను అడ్డం రాను."

హారనులోంచి నాలుగో చరణం వీధి మీదికి సాగింది.

*తెలిసీ తెలియని పలుకులు నావి,*
*దిద్దుకోవయ్య నాయన్న,*
*తలచి నీ పాట కట్టినవాడు*
*దాసుడు నీ శేషన్న.*