మూడో అంతస్తు వాసన

“గీత లేచిందా? లేచిందా?” అంటూ వరూధిని గీతాంజలి భుజం మీదుగా వాసన కొలిచే మెషీన్ తెర మీదికి వంగింది. మొగుడు పద్మనాభం అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ అయిన దగ్గర్నుంచీ ఆవిడకి అన్నీ వెంటనే జరిగిపోవాలి.

“లేదండీ. సున్నా.”

“ఇంత కంపు కొడతా ఉంటే సున్నా ఏమమ్మా?” పద్మనాభం జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. “ఎండుచేపలు! మెట్ల దాకా వస్తా ఉండాది.”

గీతాంజలికి నవ్వొచ్చింది. పక్కనే ఉన్న పీణ్య ఫ్యాక్టరీల పొగ పీలుస్తూ ఏళ్ళ తరబడి హాయిగా గురకపెట్టిన ముక్కులివి. ఆ పొగలో ఏముందో లేజరుతో కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం. కిందటేడు ఆ ఫలితాలు సంఘం ముందు పెడితే ఒక్కరూ తలెత్తలేదు, సమోసాలు చల్లారిపోతున్నాయన్నారు. మూడో అంతస్తులో అద్దెకుండే నర్సు రాచెల్ గుమ్మం ముందు మాత్రం అవే ముక్కులకి ఎక్కడలేని చురుకు!

“బెల్ కొట్టి అడుగుదామా?” అంది.

“వద్దమ్మా. అలికిడైతే గిన్నెలు దాచేస్తారు,” అంది వరూధిని.

ఇంటి ఓనరుకి ఈ సాయంత్రమే ఫిర్యాదు వెళ్తుంది. వెళ్తే రాచెల్ కుటుంబం ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. “మళ్ళీ ఇల్లు వెతకాలంటే భయమండీ. పేరు చెప్పగానే ‘ఓన్లీ వెజ్’ అంటారు,” అంది రాచెల్ ఒకసారి లిఫ్టులో. అందుకే గీతాంజలి ల్యాబులో బతిమాలి ఈ పెట్టె తెచ్చింది. లోపలికి పీల్చిన గాలి గుండా లేజర్ కిరణం వెళ్తుంది. చేపల వాసనకి కారణమైన వాయువు రవ్వంత ఉన్నా ఆ కాంతిని మింగుతుంది, తెర మీద గీత లేస్తుంది. లేవకపోతే వీళ్ళ నోళ్ళు మూతపడతాయి.

గీత లేవలేదు. నోళ్ళూ మూతపడలేదు.

“మీ మెషీన్‌కి జలుబు చేసినట్టుండాది,” అన్నాడు పద్మనాభం.

గీతాంజలి ఆ వాయువు నింపి సీలు వేసిన గాజు గొట్టాన్ని కిరణానికి అడ్డం పెట్టింది. గీత నిటారుగా లేచింది. తీసేస్తే పడుకుంది.

“మెషీన్ బాగానే ఉందండీ.”

“అంటే మా ముక్కులు బాగలేవా?” అంది వరూధిని. “గుండె మీద చెయ్యేసుకుని నువ్వే చెప్పు తల్లీ, నీకు రావడం లేదా?”

ఏమి మనుషులో! గీతాంజలి విసుగ్గా, గట్టిగా ఊపిరి పీల్చింది.

వచ్చింది. ఉప్పుప్పగా, నూనెలో మాడుతున్నట్టు, స్పష్టంగా వచ్చింది. మళ్ళీ పీల్చింది. ఇంకా ఘాటుగా వచ్చింది. తెర మీద బద్ధకంగా పడుకున్న గీతని చూస్తే ఒళ్ళు మండింది. ల్యాబువాళ్ళు మూలన పడేసిన పెట్టెని అంటగట్టి ఉంటారు.

“వస్తోంది,” అంది చివరికి. “ఈ మెషీన్‌ని నమ్మడానికి లేదు.”

“అట్ల చెప్పు!”

పద్మనాభం అప్పుడే కాటన్‌పేటలో ఉండే ఓనరుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. “అప్పా, మా సైంటిస్టు మేడమే ఒప్పుకునింది. మీ రాచెల్ ఇంట్లో ఇప్పుడు, ఈ నిమిషం, ఎండుచేపలు వేయిస్తా ఉండారు.”

స్పీకర్లోంచి ఓనరు గొంతు వచ్చింది.

“వాళ్ళంతా ఊరికి పోయి వారమైంది కదప్పా.”