ఎక్కించకముందు

తొంభై ఆరు శ్రావణంలో, నారాయణగూడ రక్తదాతల సంఘంలో కంప్యూటరు మొండికేసింది.

ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాలి. బీరువాలో రెండు ఫ్లాపీలున్నాయి. ఒకటి ఎక్కిస్తే దాతల జాబితా భద్రంగా ఉంటుంది. రెండోది కొత్త సంఘాల కోసం చేసింది, ఉన్నదంతా తుడిచేస్తుంది. వాటి మీది చీటీలు వానకు నాని ఊడిపోయాయి. ఏది ఏదో సంఘంలో కంప్యూటరు చూసే ఉదయశ్రీకి తెలియదు. ఏదో ఒకటి ఎక్కించి చూస్తే తెలుస్తుందనుకుంది.

చిక్కడపల్లిలో ఆరునెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్ల మరి. ఆ మాత్రం ధీమా ఉంటుంది.

సాయంత్రం రాజకుమారి అనే ఆవిడకు ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం కావాలి. ఇచ్చేవాళ్ళ పేర్లు ఆ కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేవు. కంప్యూటరొచ్చిన సంబరంలో సంఘం వాళ్ళు దాతలు నింపిన కాగితాలన్నీ పాతపేపర్లవాడికి వేసేశారు.

"జర ఆగమ్మా."

ఆమె వచ్చేసరికే బెంచీ మీద కూర్చునున్న మనిషి. నలిగిన చొక్కా, రబ్బరు చెప్పులు, ఒళ్ళో గుడ్డసంచి.

"రక్తం ఇచ్చేటోళ్ళు బయట కూసోవాలె అన్నా," అంది తల తిప్పకుండానే.

"ఎక్కించకు. ఊరికె ఫైలు తెరిచి చూడు. అంతా పిచ్చిగీతలే కనవడ్తయి గని, నడుమ నడుమ అక్షరాలుంటయి. అది ఏ ప్రోగ్రామో, దాని నంబరేందో అండ్లనే ఉంటది."

ఆమెకు నవ్వొచ్చింది. "తయారైన ప్రోగ్రాం చదవొస్తదా? నడిపిస్తేనే తెలుస్తది. మా సార్ చెప్పిండు."

"చదవొస్తది తల్లీ. నేను..."

"పరేషాన్ చెయ్యకు అన్నా. బయట కూసో."

అతను కాసేపు వరండాలో నిలబడి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. పీడ విరగడైంది అనుకుంది ఉదయశ్రీ.

చేతికొచ్చిన ఫ్లాపీ ఎక్కించింది.

తెర వెలిగింది. దాతలు: సున్నా.

పదకొండు వందల పేర్లు! అన్నీ పోయాయి. అతను చెప్పినట్టే రెండు ఫ్లాపీల్లోని ఫైళ్ళూ తెరిచింది. పిచ్చిగీతలు, చుక్కలు, వాటి మధ్య తేటగా ఇంగ్లిషు అక్షరాలు. ఒకదాంట్లో 'కొత్త సంఘం, ఒకటో నంబరు'. ఇంకోదాంట్లో 'నారాయణగూడ, మూడో నంబరు'.

రెండు నిమిషాల పని. దానికి తన చదువే అడ్డొచ్చింది.

ఆసుపత్రి నుంచి కార్యదర్శి రామచంద్రరావు గారు ఆయాసపడుతూ వచ్చారు. "డాక్టర్లు అడుగుతున్నరు. పేర్లు తీసినవా బిడ్డా?"

ఉదయశ్రీ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. "ఆయన వద్దనే అన్నడు సార్. నేనే వినలే."

రామచంద్రరావు గారు వరండాలోకి పరుగెత్తి, అటూ ఇటూ చూసి వచ్చారు.

"పోయిండా? మూడింటి బండికి పాలమూరు పోవాలె అంటే, నువ్వొచ్చేదాక కూసోమని నేనే బతిమాలిన."

అప్పటికి మూడుంబావు.

"ఎవరు సార్ ఆయన?"

"మాసయ్య. ఈ ప్రోగ్రాం రాసిందే ఆయన బిడ్డా, పోయిన పేర్లు మళ్ళ తీసేటోడు గూడ ఆయనొక్కడే."