ఇంగ్లండులో జామచెట్టు

"సార్, ఇంగ్లండు చలికి జామచెట్టు బతుకుతుందా?"

థురయా వెనక వరసలోంచి లేచి అడిగింది. జయరాముడి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు నవలలో స్త్రీ ఆత్మాభిమానం గురించి అప్పుడే మంచి ఊపు మీదున్నాడు. ప్రభువు ఇచ్చిన ఉంగరాన్ని నాయిక పెరట్లో జామచెట్టు కింద కూర్చుని కళ్లారా చూసుకుని, బావిలోకి జారవిడిచే ఘట్టం అది. ఏటా అక్కడికి వచ్చేసరికి అతనికి కళ్లు చెమరుస్తాయి.

"ఎందుకడిగావమ్మా?"

"మా నాన్నకు ఇక్కడ రుస్తాఖ్‌లోనే తోట ఉంది సార్. జామకు ఎండ కావాలంటాడు. పైగా నవల ఇంటర్నెట్‌లో దొరికితే మొత్తం చదివాను. నాలుగు సంపుటాల్లో ఎక్కడా జామచెట్టు లేదు. బావి లేదు. ఉంగరం చివరిదాకా ఆమె వేలికే ఉంది."

"శనివారం మాట్లాడుకుందాం," అన్నాడు జయరాముడు.

అనేశాక గుర్తొచ్చింది. శనివారం క్లాసులో ప్రొఫెసర్ దేవదాసు కూర్చుంటాడు. పాఠాలు ఎలా సాగుతున్నాయో చూసి చెప్పమని కాలేజీవాళ్లు గుంటూరు నుంచి పిలిపించిన పెద్దాయన. ఆయన మంచిమాట రాస్తేనే జయరాముడి కాంట్రాక్టు రెన్యువల్ అవుతుంది. రెన్యువల్ అయితేనే ఒంగోలులో ఉన్న భార్య రామలక్ష్మికీ పాపకూ వీసా. గోను తుపాను మస్కట్‌ను ముంచిన ఏడాది ఈ అరబ్బు దేశానికొచ్చి పడ్డాడు. వాళ్లొస్తారని ఈమధ్యే ఒక ఇల్లు కూడా చూసిపెట్టుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, జయరాముడు ఆ నవల చదవలేదు. ఎమ్మే చదివే రోజుల్లో గుంటూరు బస్టాండు దగ్గర కొన్న గైడు చదివాడు. దాంతోనే పాసయ్యాడు, దాంతోనే ఉద్యోగం తెచ్చుకున్నాడు, దాంతోనే పాఠం చెప్పుకుంటూ వస్తున్నాడు. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. లోపలి పేజీలో రచయిత పేరుండాల్సిన చోట 'అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు' అని మాత్రం ఉంది.

ఇక్కడ వారాంతపు సెలవులు గురువారం, శుక్రవారం. ఆ రెండు రోజులూ రూమ్‌లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ నవల చదివాడు. నాలుగు పేజీలు చదవడం, లేచి కిటికీ దగ్గరికి పోవడం, ఏసీ పెంచడం, మళ్లీ తగ్గించడం. మధ్యలో రామలక్ష్మి ఫోన్ చేసింది.

"పాప టీసీ తీసేసుకోమంటారా?"

"ఆగు."

"బళ్లో అడుగుతున్నారండీ. ఎన్నాళ్లు ఆగమని చెప్పను?"

"శనివారం దాకా ఆగవే."

శుక్రవారం పొద్దుగూకేసరికి చివరి పేజీ వచ్చింది. జామచెట్టు రాలేదు. ఇన్నేళ్లూ లేని చెట్టు కింద, లేని బావి పక్కన కూర్చున్న పిల్ల కోసం కంటతడి పెట్టుకున్నాడన్నమాట. ఆ గైడు రాసినవాణ్ని కసితీరా తిట్టుకున్నాడు. తిట్టినకొద్దీ భయం పెరిగిందే గానీ తగ్గలేదు.

శనివారం దేవదాసు తెల్లచొక్కాలో వచ్చి, చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నాడు. జయరాముడు హాజరు పిలవడం పూర్తి కాకముందే థురయా చెయ్యెత్తింది.

"సార్, ఆ జామచెట్టు సంగతి..."

"అదీ... అది నేను..."

"ఏమిటమ్మా జామచెట్టు?" అంటూ వెనక నుంచి దేవదాసు లేచాడు.

థురయా అంతా చెప్పింది. ఉంగరం, పెరడు, బావి, ఏదీ వదల్లేదు. వింటూ వింటూ ఆయన బెంచీ అంచు పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం. నవలలో ఆ ఘట్టం లేదు."

క్లాసంతా జయరాముడి వైపు తిరిగింది. అతనికి ఒంగోలు ఇంటి గుమ్మంలో పాప కళ్లముందు కదిలింది.

"కానీ ఆ రోజుల్లో లండన్‌లో కూలికి రాసేవాళ్లు ఉండేవారు," అన్నాడు దేవదాసు. "ఇరుకు గదుల్లో అద్దెకుంటూ పేజీకింతని రాసేవాళ్లు. పెద్ద నవలలు కొనలేని జనం కోసం వాటిని కుదించి చవక ప్రతులు తయారుచెయ్యమని పుస్తకాల షాపువాడు నెత్తిన కూర్చునేవాడు. తెల్లారేసరికి కాగితాలు నిండాలి. ఇంట్లో బిడ్డకు జ్వరం. అసలు కథ పూర్తిగా తెలియకపోతే ఏం చేస్తాడు? తనకు తెలిసిన చెట్టూ, తనకు తెలిసిన బావీ పెడతాడు. మీ సార్ చెప్పింది అలాంటి ప్రతిలోది అయ్యుంటుంది. అసలు ఏముందో, జనం చేతికి ఏం చేరిందో, రెండూ తెలిస్తేనే ఆ కాలం అర్థమయ్యేది."

"లండన్ మనిషికి జామచెట్టు ఎలా తెలుసు సార్?"

"కూలికి రాసేవాళ్లు లండన్‌లోనే కాదు, అన్ని ఊళ్లలోనూ ఉంటారమ్మా," అని కూర్చున్నాడు.

గైడు సంగతి పసిగట్టేశాడా? జయరాముడికి బెల్లు కొట్టేదాకా ఒకచోట కాలు నిలవలేదు.

సాయంత్రం ఆయన్ను మస్కట్ హోటల్లో దింపడానికి జయరాముడు కారులో బయల్దేరాడు. ఊరు దాటేలోపు రోడ్డు పక్కన పళ్ల బండి కనిపిస్తే దేవదాసు కారు ఆపించి జామకాయలు కొన్నాడు. తినలేదు. ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మంచిగానే రాశానయ్యా. నీ వాళ్లను పిలిపించుకో."

తేలికపడాల్సిన గుండె మరింత బరువెక్కింది. కొంతదూరం పోయాక ఇక ఉండబట్టలేక జయరాముడు కారు పక్కకు తీసి ఆపాడు. సంచిలోంచి గైడు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"సార్, నేను ఏ చవక ప్రతీ చదవలేదండీ. ఇదీ నా చదువు. మొన్నటిదాకా ఆ నవల మొహమే చూళ్లేదు. మీరు నా పరువు కాపాడారు. కానీ ఇది రాసినవాణ్ని మాత్రం క్షమించలేను."

దేవదాసు అట్టలేని ఆ గైడును మోకాలి మీద పెట్టుకుని, వెతుక్కోకుండానే జామచెట్టున్న పేజీ తీశాడు.

"ఎంతమంది పిల్లలు నమ్ముకుని చదువుతారో ఆలోచించొద్దా సార్? ఆ మహానుభావుడికి నవల ఒక్కసారి చదివే తీరిక కూడా లేకపోయిందా?"

దేవదాసు గైడు మూసి, దాని మీద జామకాయ పెట్టాడు.

"తీరిక ఉందయ్యా, నాకు పుస్తకమే దొరకలేదు."