ఢిల్లీకి రెండు గంటలే

“మొగిలీ, కత్తికి పదును మంచిగ పెట్టు. ముప్పై ఏండ్ల మీసం, ఊకె తెగదు,” అన్నాడు గట్టయ్య.

కటింగ్ షాపు మొగిలి నవ్వాపుకుంటూ కత్తి నూరుతున్నాడు. మార్కు ఇంటి ముందు గోదావరిఖని క్వార్టర్ల జనం సగం మంది మూగారు. మొగిలిని వెంటబెట్టుకొచ్చింది గట్టయ్యే. పందెం కాసినవాడికి ఆ మాత్రం నీతి ఉండొద్దూ!

పందెం నెల కిందటిది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మార్కు “విమానంల ఢిల్లీ పోయొస్త” అని వాడకట్టంతా చాటాడు.

“భూమిలకు ఎంతన్న దిగుతవు గని, నిచ్చెనెక్కితే కండ్లు తిరుగుతయి నీకు. నువ్వు విమానం ఎక్కుతవానే?” అని గట్టయ్య కిసుక్కుమన్నాడు.

మాటా మాటా పెరిగింది. ఎక్కితే గట్టయ్య మీసం, ఎక్కకపోతే మార్కు మీసం. మార్కుకు ఆ మీసమంటే ప్రాణం. ఫస్టు షిఫ్టుకు పోతూ కూడా నూనె రాసి మెలేసేవాడు. బొగ్గుకు చూపించడానికా అని అందరూ ఏడిపించేవాళ్లు.

మార్కు, అతని భార్య సువార్తమ్మ హైదరాబాదు బస్సెక్కిన రోజు వాడకట్టంతా దండలేసి సాగనంపింది. నిన్ననే తిరిగొచ్చారు.

“కత్తి వెట్టేముందు రెండు ముచ్చట్లు జెప్పన్నా,” అన్నాడు గట్టయ్య దీనంగా. “హైదరాబాదు నుంచి ఢిల్లీ ఎంత దూరం?”

“విమానానికా? పన్నెండొందల యాభై కిలోమీటర్లు.”

“ఎంతసేపు పట్టింది?”

“రెండు గంటలు! ఇట్ల కూసున్నం, అట్ల దిగినం.”

“అబ్బో! నడుములు గిట్ల నొయ్యలేదా?”

“రెండు గంటలకు నడుమేం నొస్తది తమ్మీ?” అని నడుం మీది చెయ్యి తీసి మీసం దువ్వాడు మార్కు.

“పైకెళ్లి మన దిక్కు కనిపించిందా?”

“కనిపియ్యకేంది! పవర్ ప్లాంటు పొగగొట్టాలు, గోదారి, ఇసుక మేటలు... అన్ని కండ్లార జూసిన.”

“భయం కాలేదా?”

“నాకా? గీమెనే గజగజ వణికింది. నేనే చెయ్యి పట్టుకొని కూసోబెట్టిన.”

జనం నోళ్లు వెళ్లబెట్టారు. గుమ్మంలో నిలబడ్డ సువార్తమ్మకు మాత్రం చెమటలు పోస్తున్నాయి. పాపం, మెత్తటి మనసు.

“ఏం పందేలు ఇవి? మీసాలు గీకుడేంది, నగుబాటు గాకపోతే! ఇడిసిపెట్టుర్రి. చాయ్ పెడ్త, తాగిపోర్రి,” అని బతిమాలింది.

“నువ్వాగు!” గద్దించాడు మార్కు. “పందెమంటే పందెమే. ఓడినోనికి మీసమెందుకు?”

“వదినె మనసు వెన్న,” అన్నాడు గట్టయ్య. “కని అన్న జెప్పిందే న్యాయం. అందరు ఇన్నరు గద?”

అందరూ విన్నామన్నారు. మొగిలి సబ్బు నురగ కలిపి కుర్చీ వేశాడు. గట్టయ్య దగ్గరికొచ్చి, భుజం మీది తువ్వాలతో కుర్చీని తుడిచాడు. కూర్చోలేదు. కుర్చీని మెల్లగా మార్కు వైపు జరిపాడు.

“మీరు బస్సెక్కిన తెల్లారి, మా బావను హైదరాబాదు నుంచొచ్చే ఢిల్లీ రైలెక్కియ్యనీకి మన పక్కన రామగుండం టేషనుకు పోయిన,” అన్నాడు.

మార్కు మీసం మీది చెయ్యి అక్కడే ఆగింది.

“కిటికి పక్క బెర్తుల నన్ను జూసి దుప్పటి కప్పుకున్నదెవ్వరన్నా?”