పెద్దాయన అమ్మిన కారు

ఏసీ ఆగలేదు.

ఫొటోగ్రాఫర్ స్విచ్ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. చివరికి తిట్టాడు కూడా. అది దేనికీ లొంగలేదు.

వెనక సీట్లో అతని తల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. అసలే ఆయాసం మనిషి. ఆవిడను ఆసుపత్రికి తిప్పడానికే ఈ పాత కారు కొన్నాడు. కొన్న ముచ్చట ఇంకా తీరనే లేదు. అద్దాలన్నీ దించి, ఎలాగో ఇల్లు చేర్చాడు.

తెల్లారేసరికి బ్యాటరీ కూడా చచ్చి కూర్చుంది.

మెకానిక్‌కి ఫోన్ చేశాడు. మెకానిక్ అంటే ఎవరో కాదు, పలకాబలపం నాటి స్నేహితుడు. ఒకే కంచం, ఒకే మంచంగా పెరిగారు. కొనేముందు ఈ కారును షెడ్డులో ఒక పూటంతా ఉంచుకుని, విప్పి చూసి, కళ్లు మూసుకుని తీసుకోమన్నది అతనే.

"నేను చూసినప్పుడు బాగానే ఉందిరా. ఆ ముసలాయన తెలిసే దాచి ఉంటాడు," అన్నాడు మెకానిక్.

ఫొటోగ్రాఫర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

కారు అమ్మిన పెద్దాయన ఒంటరి మనిషి. చూపు మందగించి అమ్ముకున్నాడు. తాళం చేతిలో పెడుతూ ఏ లోపమూ లేదని చెప్పాడు. ఆ మాటకే మోసపోయాననుకున్నాడు ఫొటోగ్రాఫర్.

పక్కింటి కారు సాయంతో ఎలాగో బండి స్టార్ట్ చేసి, నేరుగా పెద్దాయన ఉండే అపార్ట్‌మెంటుకు వెళ్లాడు. ఆయన్ను కిందికి పిలిచి కడిగేశాడు. మెట్ల మీదా బాల్కనీల్లోనూ జనం పోగయ్యారు. మీ వయసు చూసి నమ్మితే నమ్మించి గొంతు కోశారన్నాడు. మా అమ్మకేమైనా అయితే ఎవరు దిక్కన్నాడు.

పెద్దాయన కారు దగ్గరికి నడిచాడు. బానెట్ ఎత్తించి, తడుముకుంటూ ఒక చిన్న నల్లటి డబ్బాను పీకాడు. రిలే అంటారు దాన్ని. స్విచ్ మాట విని ఏసీకి కరెంటు వదిలేదీ, ఆపేదీ అదే. లోపల కాలి అతుక్కుపోయిందంటే ఇక ఎవరి మాటా వినదు.

దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"కొనేముందు ఎవరైనా విప్పి చూశారా బాబూ?"

"నా స్నేహితుడు చూశాడు. వాడి జోలికి మాత్రం పోకండి. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఉన్నదల్లా వాడే."

పెద్దాయన ఆ రిలేను జేబులో వేసుకున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు, పైవాళ్లకు కూడా వినబడేలా.

హారన్‌కు ఉన్న రిలే కూడా అదే రకం కావడంతో, దాన్ని తీసి ఏసీకి పెట్టాడు. ఏసీ బుద్ధిగా ఆగింది. స్నేహితుడి షెడ్డు ఎక్కడో కనుక్కుని, మర్నాడు కొత్తది పట్టుకెళ్లి తనే వేయిస్తానన్నాడు. అన్నట్టే చేశాడు.

కారు బాగుపడ్డా ఫొటోగ్రాఫర్ కోపం చల్లారలేదు. స్టూడియోకి వచ్చినవాళ్లను గడ్డం కాస్త పైకెత్తమంటూనే ఆ ముసలాయన మోసం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త కారం దట్టించేవాడు.

ఓసారి మెకానిక్ షెడ్డులో ఎవరో పాత కారు కొనే మాటెత్తారు. ఫొటోగ్రాఫర్ ఉత్సాహంగా అందుకున్నాడు.

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఇక ఆపరా. ఆ రిలే మార్చింది నేనే."

ఈ కారును చూడటానికి ఉంచుకున్న పూటే, షెడ్డుకు వచ్చిన వేరే కారులో ఒక్కోసారి ఏసీ ఆగడం లేదట. రిలే మీద అనుమానం వచ్చి, దాన్ని తీసి పెద్దాయన కారులో, ఇందులోది అందులో పెట్టి చూశాడట. మెకానిక్కులందరూ చేసే పనే అది. ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్లి, మార్చిన సంగతే మర్చిపోయాడట. మంచిది ఆ కారుతో వెళ్లిపోయింది. చెడ్డది ఇందులో ఉండిపోయింది.

"కావాలని కాదురా," అన్నాడు.

నమ్మాలో వద్దో ఫొటోగ్రాఫర్‌కి తెలియలేదు. పొరపాటు సరే, మరి ఇన్నాళ్లూ తను ఆ మనిషిని దొంగా దొంగా అంటుంటే పక్కనే కూర్చుని విన్నాడే. ఒకటి రెండుసార్లు నవ్వాడు కూడా. తోడబుట్టినవాడే వెన్నుపోటు పొడిచినట్టు అనిపించింది.

"పద. ఆయన కాళ్లు పట్టుకుందాం," అంటూ లేచాడు.

మెకానిక్ కదల్లేదు.

"ఆయన పోయి చాలా రోజులైంది. నేను వెళ్లొచ్చాను. ఒకప్పుడు ఊళ్లకు వెళ్తే ఆ అపార్ట్‌మెంటులో అందరూ ఇంటి తాళాలు ఆయనకే ఇచ్చేవారట. నువ్వు వెళ్లి అరిచాక ఎవరూ ఇవ్వలేదట."

ఫొటోగ్రాఫర్ లేచిన చోటే మళ్లీ కూర్చున్నాడు.

"మరి ఆయన షెడ్డుకొచ్చిన రోజే నువ్వు నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నేను చెప్పేస్తానన్నా ఆయనే ఆపాడురా," అన్నాడు మెకానిక్ తల దించుకుని. "కాలిన రిలే తన కారుది కాదని చూడగానే పోల్చుకున్నాడట. దాన్ని నా చేతిలో పెట్టి, 'నేను దొంగనైతే అతనికి పోయేదేం లేదు నాయనా, నువ్వు దొంగవైతే అతనికి ఇంకెవరున్నారు?' అన్నాడు."