మూడో సైట్

నీలం కవరాల్ వేసుకున్న మనిషి అడక్కుండానే కౌంటర్ మీది రైఫిల్ సైట్ తీసి, ట్యూబ్‌లైట్ కేసి పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

జయంత్‌కు ఒళ్లు మండింది. "అది అక్కడ పెట్టు" అన్నాడు.

ఆ మనిషి పెట్టేశాడు. పెట్టడం కూడా కౌంటర్ అద్దం గీసుకుపోకుండా, గుడ్డ మీద పెట్టాడు. ఆ జాగ్రత్త చూశాక జయంత్‌కు అనుమానం ఇంకాస్త పెరిగింది.

దోహా శివార్లలోని ఆ షూటింగ్ క్లబ్బులో జయంత్ స్టోర్ చూసుకుంటాడు. వరల్డ్ కప్ ఇంకో ఏడాదిలో ఉంది. అతిథులొస్తారని లోపల కొత్త హాలు కడుతున్నారు. పాతిక మీటర్లే పొడవు. అక్కడి రైఫిళ్లకు వాటితో వచ్చిన సైట్లు, అంటే కన్ను ఆనించి గురి చూసుకునే బెజ్జాలు, తీసేసి, దగ్గర గురికి పనికొచ్చే వేరే ఇనుప సైట్లు బిగించాలి. తుపాకులు బాగుచేసే మనిషి పోస్టు ఆరు నెలలుగా ఖాళీ. అందుకని మూడు రకాలు తెప్పించి, ఏది మంచిదో తేల్చే పని మేనేజర్ ఫసీయుద్దీన్ జయంత్ నెత్తిన పెట్టాడు. ఆ పోస్టుకు వచ్చిన దరఖాస్తులు ఏరే పనీ అతనిదే. పైనున్న రెసిడెన్సీ కార్డు జిరాక్సు చూసి, దాని మీది వృత్తి సరిపోనివి పక్కన పడేసి, ఒక్క పూటలో అది ముగించాడు.

తుపాకుల గురించి జయంత్‌కు తెలిసింది కేటలాగులో ఉన్నంతే. అయినా ఒప్పుకున్నాడు. క్లబ్ పెద్దాయనకు సైట్లు నచ్చితే జయంత్ కార్డు మీద వృత్తి మార్పిస్తానన్నాడు ఫసీయుద్దీన్.

జయంత్ దొరికిన వీసా మీద వచ్చినవాడు. సూదిలో దారం ఎక్కించడం రాదు గానీ, కార్డు మీద మాత్రం దర్జీ. ఆ దర్జీ పోయి స్టోర్‌కీపర్ అయితే తప్ప గుడివాడలో ఉన్న భార్య తన్మయికి ఫ్యామిలీ వీసా రాదు. పెళ్లయి మూడేళ్లు, కలిసున్నది నలభై రోజులు.

"తెలుగోళ్లేనా సార్?" అన్నాడు కవరాల్ మనిషి.

పేరు మారుతి అని, జగిత్యాల దగ్గరి ఊరని, కొత్త హాల్లో ఏసీ గొట్టాలు బిగిస్తున్నానని తనే చెప్పుకున్నాడు.

"దగ్గర గురికి సన్న బెజ్జం వద్దు సార్. గా హాల్ల వెలుతురు తక్కువ, కండ్లకు ఆనది. గీ మూడోది తీస్కోండ్రి. బెజ్జం పెద్దగుంది, ఎత్తు తక్కువుంది. సైట్ ఎత్తున్నకొద్ది దగ్గరల గుండు కిందికి తగుల్తది."

మూడోది అన్నిట్లోకీ చవక రకం. జయంత్ అప్పటికే మొదటిదాని మీద మనసు పడ్డాడు. సూది మొనంత బెజ్జం, పక్కన తిప్పుకునే మరలు, చూడ్డానికే దర్జాగా ఉంది. గొట్టాలు బిగించేవాడికి గుళ్ల సంగతి దేనికి?

"ఇదంతా నీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

మారుతి కొంచెం మొహమాటపడ్డాడు. "సార్, నేనొక కాయితమిచ్చిన..."

"లంచ్ టైం అయిపోయింది. ఇక వెళ్లు."

కూలీల కాగితాలంటే సెలవు చీటీలే. వినే ఓపిక జయంత్‌కు లేదు.

ఆ రోజు నుంచి అతని కన్ను మారుతి మీదే. మంగళవారం మారుతి హాల్లో గోడ నుంచి గోడకు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. బుధవారం చెత్తబుట్టలోంచి చిల్లులు పడ్డ టార్గెట్ కాగితం ఏరి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏసీ గొట్టాలకు టార్గెట్ కాగితంతో ఏం పని? అనుమానం వస్తే వెంటనే చెప్పమని గేటు దగ్గర బోర్డే పెట్టారు.

జయంత్ చెప్పేశాడు.

ఫసీయుద్దీన్ మారుతిని పిలిపించి కార్డు అడిగాడు. దాని మీద ఆమిల్ అని ఉంది, అంటే కూలీ. ఆమిల్‌కు రైఫిల్ సైట్లతో ఏం పనని ఫసీయుద్దీన్ గద్దించాడు. నిజమే కదా అన్నట్టు జయంత్ తలాడించాడు. తన జేబులోనే ఒక దర్జీ ఉన్నాడన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు.

మారుతి జయంత్ వైపు చూశాడు. "కాయితమిచ్చిన. సార్‌కు ఎరుకే."

తనకే కాగితమూ తెలియదన్నాడు జయంత్.

ఆదివారం ట్రయల్. క్లబ్ పెద్దాయన, కతరీ షేక్, జయంత్ ఎంచిన మొదటి రకం సైట్ బిగించిన రైఫిల్ ఎత్తి పది మీటర్ల టార్గెట్‌కు పెట్టాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. ఆ బెజ్జంలోంచి అంతా చీకటిగా ఉందన్నాడు. ఎలాగో ఐదు గుళ్లు కాల్చాడు. ఐదూ నడిమి చుక్కకు రెండు వేళ్లు కింద తగిలాయి.

"మాఫీ", అంటే లాభం లేదని, చెయ్యి అడ్డంగా ఊపి, రైఫిల్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మారుతి చెప్పింది చెప్పినట్టే జరిగింది. అతణ్ణి బతిమాలైనా తీసుకొద్దామని జయంత్ కొత్త హాల్లోకి పరిగెత్తాడు. నిచ్చెన మీద వేరే మనిషి ఉన్నాడు.

క్లబ్బు ఫిర్యాదు చేశాక ఏ కంపెనీ ఉంచుకుంటుందన్నాడు ఫోర్‌మన్ ముఖ్తార్. శుక్రవారమే ఫ్లైట్ ఎక్కించారట. ఒక మనిషి పొట్ట కొట్టానని జయంత్‌కు అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చేసరికి ఫసీయుద్దీన్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. కార్డు సంగతి జయంత్ అడగలేదు, ఆయనా ఎత్తలేదు. సైట్ల మాట తర్వాత, ముందు తుపాకులు తెలిసిన మనిషి కావాలన్నాడు. దరఖాస్తులన్నీ మళ్లీ తియ్యమన్నాడు, పక్కన పడేసినవి కూడా.

జయంత్ సొరుగులోంచి కట్ట తీసి, ఈసారి లోపలి పేజీలు కూడా తిప్పాడు.

నాలుగో దరఖాస్తులో, ఆర్మీలో పదిహేడేళ్లు రైఫిళ్లు బాగుచేసిన హవల్దార్ అన్న సర్టిఫికెట్ పక్కనుంచి, యూనిఫాంలో ఉన్న మారుతి నిటారుగా చూస్తున్నాడు. పై పేజీ మీద జయంత్ చేతిరాతే, ఎర్ర సిరాతో: ఆమిల్, పనికిరాడు.